ఓదవ్వ మూడు పెంకులు

మీ ఇంట్లో మీకు రోజూ అన్నం పెట్టే చెయ్యి ఒకటుంటుంది కదా. ఆ చెయ్యి గల మనిషికి ఏం తినడం ఇష్టం?

తడుముకోకుండా చెప్పండి. "ఏదైనా తింటుంది" అన్న జవాబు చెల్లదు. "మేం తిన్నాక తింటుంది" అన్నది అసలు జవాబే కాదు. ఏం తింటుంది? గిన్నె మూత తీయగానే ఏది కనిపిస్తే ఆమె మొహం విప్పారుతుంది?

చెప్పలేకపోతున్నారా? ఊరికి ఊరే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక, ఒక కాకి ముందు తల దించుకుని నిలబడిన కథ ఉంది. వినండి. మధ్యలో ఊఁ కొట్టండి.

కోడి కూస్తేనే పొద్దు పొడుస్తుందని మనుషులూ, మనుషులు గంప లేపితేనే పొద్దు పొడుస్తుందని కోళ్ళూ నమ్మిన కాలంలో, వాగుకు ఇవతలి గట్టున కంకులపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కొంపకో గంప. గంపకో గయ్యాళి పెట్ట. కోళ్ళకు తిండి పెట్టే పద్ధతి మాత్రం ఊరంతటికీ ఒకటే. తవుడుంటే తవుడు విసరడం. పొట్టుంటే పొట్టు విసరడం. ఏమీ లేకపోతే ఒక తిట్టు విసరడం. "పో, ఏరుక తిను!"

ఆ ఊరికి నీల కొత్త కోడలుగా వచ్చింది. వాగు అవతలి పిల్ల. కంచం చిన్నది, నోరు పెద్దది. పుట్టింట్లో అన్నదమ్ములంతా తిన్నాక గిన్నెలో మిగిలింది తిని పెరిగింది కాబట్టి కంచం చిన్నది. మిగలనప్పుడల్లా పోట్లాడింది కాబట్టి నోరు పెద్దది.

పెళ్ళయిన మర్నాడు, పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి మంచి పేరు కొట్టేద్దామని చీపురు పట్టుకుని పెరట్లోకి పోయింది నీల. అత్త అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. అత్త పేరు ఓదవ్వ. పొట్టి మనిషి. నడుస్తుంటే చీర ఒక్కటే నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఆమె ముందు మూడు కుండ పెంకులు వరసగా ఉన్నాయి. మొదటి పెంకులో గింజలు. రెండో పెంకులో పురుగులు. మూడో పెంకులో గుల్లలు. గింజలంటే జొన్నలూ సజ్జలూ నూకలూ. పురుగులంటే లుకలుకలాడే చెదపురుగులు. గుల్లలంటే రోట్లో దంచిన నత్తగుల్లలు.

ఈ ఇంట్లో పొద్దటి తిండి ఇదే కాబోలు అనుకుంది నీల. వాగులో నీళ్ళు మోకాటి దాకా ఉన్నాయా, నడుం దాకా ఉన్నాయా అని గుర్తు చేసుకుంటూ చీపురు మెల్లగా కింద పెట్టింది.

అంతలో ఓదవ్వ గంప లేపింది. కోళ్ళు జాతర విడిచినట్టు బయటపడ్డాయి.

"ఇటు రా బిడ్డా. నా పక్కన కూసో. సూడు. మాట్లాడకు."

నీల కూర్చుంది. మాట్లాడకుండా ఉండడం ఆమెకు అదే మొదలు.

ఎర్రపెట్ట గింజల పెంకు దాకా వచ్చి, ఒంటికంటితో చూసి, పురుగుల పెంకు మీదుగా అడుగేసి, నేరుగా గుల్లల దగ్గరికి పోయి కరకరా తినసాగింది. కోడిపిల్లలు చెదపురుగుల మీద పడ్డాయి. గుడ్లు పొదుగుతున్న చోటి నుంచి లేచొచ్చిన నల్లపెట్ట ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేనట్టు నాలుగు గింజలు మింగి వెళ్ళిపోయింది. పుంజు మటుకు మూడు పెంకులూ తనిఖీ చేసి, తనే వండించినట్టు అందర్నీ పిలిచి, చివరికి తనకేం మిగిలిందో వెతుక్కుంది.

"సూసినవా? ఎర్రది గుడ్డుకున్నది. అందుకే గుల్లకు వోయింది. పుంజు గుడ్డు పెట్టడు గద, గుల్ల దిక్కు మొకం గూడ తిప్పలె. ఎవ్వలు చెప్పిన్రు వాటికి? ఎవ్వలు చెప్పలె. దేని కడుపు దానికి చెప్పింది."

"మరి మనమేం జెయ్యాలె అత్తా?"

"పెట్టాలె. పక్కకు జరగాలె. నోరు మూసుకోవాలె."

అంత మాట చెప్పి, ఓదవ్వ కోడలి వైపు తిరిగింది. "నువ్వేం తింటవ్ బిడ్డా?"

నీల వెనక్కి తిరిగి చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"ఏదైనా తింట అత్తా."

"ఏదైనా అనే కూర నేనెన్నడు వండలె. పేరు చెప్పు."

చెప్పి, కాస్త పక్కకు జరిగి, నోరు మూసుకుని కూర్చుంది ఓదవ్వ. కోళ్ళ ముందు ఎట్లా కూర్చుందో కోడలి ముందూ అట్లాగే.

పుట్టింట్లో గిన్నెకోసం పోట్లాడిందే గాని, గిన్నెలో ఏముండాలో ఎవరూ నీలను అడగలేదు. "సజ్జరొట్టె..." అంది. ఓదవ్వ పలకలేదు. "పచ్చిపులుసు..." అంది. ఓదవ్వ పలకలేదు. "పచ్చిపులుసుల ఉల్లిగడ్డలు జర ఎక్కువెయ్యాలె!" అని నీల ఒక్కసారిగా అరిచింది. పుంజు ఎగిరి గోడ మీద పడింది.

"గట్ల చెప్పు" అంది ఓదవ్వ.

ఆ పూట నీల పెద్ద కంచంలో తిన్నది. తిని, చెయ్యి కడుక్కుంటూ, 'మరి నీకేం ఇష్టం అత్తా?' అని అడగాలనుకుంది. అంతలో బర్రె పలుపు తెంచుకుంది.

అడగాలనుకుంది. పని తగిలింది.

ఈ పెంకుల సంగతి ఎట్లా మొదలైందో నీలకు తర్వాత తెలిసింది. ఒక ఎండాకాలం ఓదవ్వ కోళ్ళన్నీ తోలుగుడ్లు పెట్టసాగాయట. పైన పెంకు లేదు, చేత్తో పట్టుకుంటే తడిబట్ట పట్టుకున్నట్టు. పైగా ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటున్నాయి. ఊరు ఊరంతా వచ్చి దిష్టి తీయమంది. ఓదవ్వ ఉప్పు తిప్పింది, మిరపకాయలు కాల్చింది. అందరూ తుమ్మారు, కోళ్ళతో సహా. గుడ్లు మాత్రం తోలుగుడ్లే. ఒకరోజు వాగు నుంచి ఇసుక తెస్తే, గంపలో నత్తగుల్లలు నాలుగు వచ్చాయి. గంప దించాక పెట్టలు ఆ గుల్లల మీద పడి కుమ్ములాడుకున్నాయి.

"ఓసి మీ ఇల్లు బంగారం గాను, గిది గావాలంటే చెప్పరాదే?" అని ఓదవ్వ వాటిని తిట్టింది. తిట్టి, ఆగింది. చెప్తూనే ఉన్నాయి కదా ఇన్నాళ్ళూ, తోలుగుడ్లు పెట్టి మరీ చెప్పాయి. విననిది తనే. అప్పటి నుంచి మూడు పెంకులు.

చెదపురుగులు పట్టే పని నీలకు వచ్చింది. పాత కుండలో పేడా గడ్డీ కుక్కి, నీళ్ళు చిలకరించి, పొలం గట్టున పుట్ట మీద బోర్లించి రావాలి. మర్నాడు పొద్దున పోయి లేపితే కుండ నిండా చెదలు. అంతవరకు నీల బాగానే నేర్చుకుంది. ఆ కుండను చంకన పెట్టుకోవాలి. నీల నెత్తిన పెట్టుకుంది. పుట్ట నుంచి ఇల్లు చేరేదాకా ఊరి నడివీధిలో ఆమె ఆడిన ఆట చూసి, అమ్మవారు పూనిందనుకుని ఇద్దరు ముసలమ్మలు కొబ్బరికాయ కొట్టారు.

ఓదవ్వ కడుపు పట్టుకుని నవ్వుతూ కోడలి జడ విప్పి పురుగులు దులిపింది. కోళ్ళు చుట్టూ చేరి, రాలినవి రాలినట్టే తిన్నాయి. 'ఇంత మంచి అత్తకు ఏమిష్టమో అడగాలి' అనుకుంది నీల. నోరు తెరిచింది. అంతలో పెరట్లోకి చూసి "అత్తా, మన కోళ్ళు ఇన్ని లేవు గద?" అంది.

అడగాలనుకుంది. పని తగిలింది.

నిజంగానే పెరట్లో కోళ్ళు ఎక్కువయ్యాయి. కుమ్మరోళ్ళ చుక్కలపెట్ట వచ్చింది. సాలోళ్ళ మెడబోసి కోడి వచ్చింది. ఎవరి గంప లేపితే వాళ్ళ కోళ్ళు ఒళ్ళు దులుపుకుని, వీధి దాటి, ఓదవ్వ పెరట్లో తేలుతున్నాయి. చివరికి పటేలు పుంజు కూడా వచ్చింది. పటేలు పుంజంటే ఆషామాషీ కాదు. ఊళ్ళో పటేలు నడిస్తే జనం లేచి నిలబడతారు, పటేలు పుంజు నడిస్తే పటేలే లేచి నిలబడతాడు. అది గోడెక్కి, తోక విదిలించి, ఓదవ్వ పురుగుల పెంకు ముందు దిగింది. దాని వెనకే పటేలింటి పెట్టలన్నీ.

ఓదవ్వ ఎవరి గుడ్లు వాళ్ళకు కొంగున కట్టుకుని పోయి ఇచ్చి వచ్చేది. అయినా ఊరు ఊరుకుంటుందా? పటేలమ్మ అసలే ఊరుకోదు. ఆమె గొంతు లేస్తే వాగు అవతల ఎడ్లు ఆగిపోతాయి.

"మందు పెట్టింది!" అని చావడి ముందు నిలబడి అరిచింది పటేలమ్మ. "మొగలకు మందు వెట్టి తిప్పుకునే ఆడోళ్ళ గురించి ఇన్న. కోళ్ళకు మందు వెట్టిందాన్ని గిప్పుడే సూస్తున్న! నా పుంజు నా మొకం సూస్తలేదు!"

"మందు లేదు, మాకు లేదు దొరసాని" అంది ఓదవ్వ. "మొదటి పెంకుల గింజ. రెండో పెంకుల పురుగు. మూడో పెంకుల గుల్ల. గంతే. పెట్టాలె. పక్కకు జరగాలె. నోరు మూసుకోవాలె."

"నన్ను నోరు మూసుకొమ్మంటున్నదీ!" అని పటేలమ్మ మొగుడి వైపు తిరిగింది.

పటేలు మెత్తని మనిషి. ఇంట్లో మెత్తగా ఉండీ ఉండీ చావడిలో కూడా అలవాటైపోయింది. మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "ఓదవ్వ ఏం పెడుతున్నదో గదే మా ఇంట్ల గూడ పెడ్తం. మూడు పొద్దులు సూస్తం. కోళ్ళు మా ఇంట్ల నిలిస్తే మందు లేదు. ఓదవ్వ దగ్గరికే పోతే మందున్నట్టే. మందుంటే ఓదవ్వ కోళ్ళన్నీ మా దొడ్లకు. ఓదవ్వ ఊరి బయటికి."

నీల అత్త కొంగు పట్టుకుంది. ఓదవ్వ మాత్రం, "పుట్ట మీద కుండ నేను పెట్టిస్త దొరసాని. చంకన పెట్టుకోండ్రి, నెత్తిన పెట్టుకోకండ్రి" అని చెప్పి వచ్చింది.

మొదటి పొద్దు. పటేలమ్మ గింజలు తెప్పించింది, పురుగులు తెప్పించింది, గుల్లలు దంచించింది. అన్నీ ఒక్క బానలో పోసింది. పెద్దింటి మనిషి కదా, ఊరికే పెడితే మర్యాద కాదనుకుంది. బెల్లం నీళ్ళు పోసి పిసికింది. లడ్డూల్లాగా ఉండలు కట్టింది. కోళ్ళు వచ్చాయి. ఒక కంటితో చూశాయి. తల తిప్పి రెండో కంటితో చూశాయి. గుల్ల కావలసిన పెట్టకు నోటి నిండా బెల్లం, పురుగు కావలసిన పిల్లకు నోటి నిండా గుల్ల. గోడెక్కి ఓదవ్వ ఇంటికి పోయాయి.

రెండో పొద్దు. ఈసారి పటేలమ్మ దేనికది వేరే పెట్టింది. పెంకులు నామోషీ అని ఇత్తడి పళ్ళాల్లో పెట్టింది. పెట్టి, కట్టె పట్టుకుని మధ్యలో నిలబడింది. "ముందుగాల గింజ! ఏయ్ బొల్లిదానా, ఆగు! పురుగు తర్వాత! వరస తప్పితే కాళ్ళిరగ్గొడ్త!" ఒక పెట్టను పట్టుకుని ముక్కు తెరిచి గుల్ల కూరింది. అది పుంజట. పుంజుకూ పెట్టకూ తేడా తెలియనంత కోపంలో ఉంది ఆమె. కోళ్ళన్నీ గోడెక్కి ఓదవ్వ ఇంటికి పోయాయి.

మూడో పొద్దు. పటేలమ్మ దేనికది వేరే పెట్టింది. పక్కకు జరిగి అరుగు మీద కూర్చుంది. అంతా బాగుంది. నోరు ఒక్కటే బాగాలేదు. "తినుండ్రి, మింగుండ్రి! ఓదవ్వ పెడితే తింటరు, నేను పెడితే పుండ్లు లేస్తయా నోట్ల? ఏమే తెల్లదానా, ఎన్ని పురుగులు తింటవే, నీ కడుపా చెరువా?" ఆ గొంతుకు వాగు అవతల ఎడ్లు ఆగిపోయాయి. పుంజు బెదిరి చావడి పైకెక్కి, మిట్టమధ్యాహ్నం పూట తెల్లారిందని కూసింది. మిగతావి గోడెక్కి ఓదవ్వ ఇంటికి పోయాయి.

"తేలిపోయింది. మందే" అన్నాడు పటేలు. కోళ్ళు పట్టుకుపోవడానికి మనుషులు గంపలతో వచ్చారు.

అప్పుడు నీల ముందుకొచ్చింది. పెద్ద నోరు ఎందుకుంటుంది, ఇలాంటి రోజు కోసమే ఉంటుంది.

"పటేల్ మామా, మా అత్త మూడు మాటలు చెప్పింది. మొదటి పొద్దు మీరు సరిగ్గ పెట్టలే. రెండో పొద్దు పక్కకు జరగలే. మూడో పొద్దు నోరు మూసుకోలే. మూడూ కలిపి ఒక్క పొద్దు చెయ్యకుండ తీర్పెట్ల చెప్తవ్? రేపు దొరసానే పెట్టనియ్యి. మా అత్త ముట్టదు, పెంకు దగ్గరికి రాదు. దూరం నిలబడ్తది. గప్పుడు గూడ కోళ్ళు నిలవకపోతే, కోళ్ళనే కాదు, నన్ను గూడ గంప కింద కమ్ము!"

జనం నవ్వారు. పటేలు సరే అన్నాడు.

మర్నాడు ఊరంతా పటేలు గోడ మీద ఉంది. పటేలమ్మ మూడు పెంకులు పెట్టింది. మొదటి పెంకులో గింజ. రెండో పెంకులో పురుగు. మూడో పెంకులో గుల్ల. పక్కకు జరిగి అరుగెక్కింది. నోరు తెరవబోయింది.

"దొరసాని, కొంగు" అంది దూరం నుంచి ఓదవ్వ.

పటేలమ్మ చీర కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది.

గంప లేచింది. కోళ్ళు గోడ వైపు నడిచాయి. సగం దూరంలో ఒక పెట్ట ఆగింది. తల తిప్పింది. ఎవరూ అరవలేదు. ఎవరూ కట్టె ఎత్తలేదు. అది వెనక్కి తిరిగి, గింజలు చూసి, పురుగులు చూసి, గుల్లల దగ్గర నిలబడి కరకరమంది. దాని వెనక ఇంకొకటి. ఆఖరికి పుంజు దిగి వచ్చి, పటేలమ్మ పెట్టినదంతా తనే వండించినట్టు అందర్నీ పిలిచింది.

"ఇన్నేండ్లల్ల మా ఇల్లు గింత చల్లగ ఎన్నడన్న ఉండెనా?" అని పటేలు భార్యను చూసి ముసిముసిగా నవ్వాడు.

"పటేలా" అంది ఓదవ్వ. "నోరు మూసుకొమ్మన్నది మొగోళ్ళను గూడ."

ఊరు గోడ మీంచి జారి పడేలా నవ్వింది. పటేలమ్మ మటుకు కొంగు తీసి, చిన్నపిల్లలా గుసగుసగా, "ఓదవ్వా, అగో, బొల్లిది గుడ్డుకున్నదే!" అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడడం వాగు అవతల ఎడ్లు ఎన్నడూ వినలేదు. ఆ రోజు కూడా వినలేదు.

అప్పట్నుంచి కంకులపల్లెలో ఇంటింటికీ మూడు పెంకులు. కోళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళవి నిలిచాయి. గుడ్లు గట్టిపడ్డాయి.

ఓదవ్వ ఇంట్లోనూ గుడ్లే గుడ్లు. మొగుడు మొండయ్యకు ఒక గుడ్డు. పొలం పోయే కొడుక్కు ఒక గుడ్డు. బాలింత నీలకు ఒక గుడ్డు. తర్వాత పిల్లలకు. చుట్టమొస్తే చుట్టానికి. పక్కింట్లో జ్వరమొస్తే జ్వరానికి. మిగిలితే పొదగడానికి. అందరూ తిన్నాక ఓదవ్వ కుండ అడుగున అంటుకున్న మాడు గరిటెతో గీక్కుని, ఇంత ఉప్పు వేసుకుని తినేది.

"ఓదవ్వకు మాడంటే పానం" అనేవాడు మొండయ్య, కడుపు నిమురుకుంటూ. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఒక వానాకాలం పొద్దున, నీల గట్టిగా అనుకుంది. 'ఇవ్వాళ అడగాల్సిందే. పేరు చెప్పేదాకా నేను గూడ పక్కకు జరిగి నోరు మూసుకుని కూసుంట.' అంతలో ఇంటికప్పు కారి పొయ్యి తడిసింది.

అడగాలనుకుంది. పని తగిలింది.

పొయ్యి ఆరబెట్టి బయటికొచ్చేసరికి వాన వెలిసింది. పెరట్లో కోళ్ళు తింటున్నాయి. ఓదవ్వ గోడకు ఆనుకుని కూర్చుని చూస్తున్నట్టే ఉంది. మూడు పెంకులూ పెట్టింది. పక్కకు జరిగింది. నోరు మూసుకుంది.

ఇక తెరవలేదు.

ఆ సీమలో ఒక పద్ధతి. మనిషి పోయిన మూడో రోజు, ఆ మనిషికి ఇష్టమైనవి వండి, మోదుగాకులో పెట్టి, వాగు ఒడ్డున ఉంచుతారు. పిట్ట ముట్టాలి. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళకు తృప్తి. అది ముట్టేదాకా బతికున్నవాళ్ళు ముద్ద ముట్టకూడదు.

మొండయ్య మాడు పెట్టించాడు. "దానికి మాడంటే పానం" అని ముక్కు చీదాడు. కాకి చెట్టు మీంచి చూసింది. మొహం తిప్పుకుంది.

చుట్టాల కడుపులు గుడగుడలాడాయి.

"అయితే మాంసం కూర పెట్టుండ్రి, మీద ఇంత కల్లు పొయ్యిండ్రి" అన్నాడు మొండయ్య. పెట్టారు, పోశారు. కాకి రాలేదు. అది మొండయ్యకు ఇష్టమైన తిండి అని అప్పటికి ఎవరికో గుర్తొచ్చింది.

పటేలమ్మ వేడివేడి గారెలు తెచ్చింది. కాకి రెక్క విప్పింది. ఊరంతా ఆశగా ముందుకు దూకింది. "కావ్ కావ్! తినవ్వా! గారె తిను! ముందుగాల కూర తిను! కాదు, మాడు తిను!" కాకి బెదిరి పై కొమ్మకు పోయింది.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. పిల్లలు ఏడుపందుకున్నారు. అందరూ నీల వైపు తిరిగారు. "నువ్వు చెప్పు నీలా. ఇన్నేండ్లు ఒక్క పొయ్యి కాడ ఉన్నరు గద. మీ అత్తకు ఏమిష్టం?"

నీల నోరు తెరిచింది. ఆ ఊళ్ళో ఎవరి నోటికీ భయపడని నోరు. అందులోంచి మాట రాలేదు.

బర్రె పలుపు గుర్తొచ్చింది. చెదపురుగుల కుండ గుర్తొచ్చింది. తడిసిన పొయ్యి గుర్తొచ్చింది. ఆకులో ఉన్న మాడు, మాడు మీద పోసిన కూర, కూర మీద గారెలు చూసింది. అచ్చం పటేలమ్మ పిసికిన ఉండల్లాగే ఉన్నాయి.

"అందరు జర నోర్లు మూసుకోండ్రి!" అంది నీల. "ఇంటికొక పెంకు తెండ్రి. ఏ ఇంట్ల ఏముంటే గది. ఒక్కటి మీద ఒక్కటి పొయ్యకుండ్రి. దేనికది పెట్టుండ్రి. పక్కకు జరుగుండ్రి."

పెంకులు వచ్చాయి. అంబలి, అటుకులు, పుంటికూర, చేప, సజ్జరొట్టె, పచ్చిపులుసు, పటేలమ్మ గారెలు, మొండయ్య కూర, మాడు. వాగు ఒడ్డున బారుకు బారు. నీల ఇంట్లో వండడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎర్రపెట్ట ఆ పొద్దున ఓదవ్వ గంపలో పెట్టిన గుడ్డు ఒక్కటుంది. ఉడకేసి, వలిచి, చిట్టచివరి పెంకులో పెట్టింది.

ఊరు ఒడ్డునున్న ముళ్ళకంప వెనక్కి జరిగింది. నోరు మూసుకుంది. పటేలమ్మ ఎవరూ చెప్పకుండానే కొంగు నోట్లో కుక్కుకుంది.

కాకి దిగింది. మాడు దాటింది. కూర దాటింది. గారెల దగ్గర ఆగితే ఊరంతా ఊపిరి ఆపింది. దాటింది. అంబలి, అటుకులు, చేప దాటింది. చివరి పెంకు దగ్గర నిలబడి, అటు చూసి, ఇటు చూసి, గుడ్డును ముక్కున పట్టుకుని వాగు మీదుగా ఎగిరిపోయింది.



"గుడ్డా?" అన్నాడు మొండయ్య. "ఇంటి నిండ గుడ్లుండె గద. అది తినంగ నేనెన్నడు సూడలేదే."

"ఎన్నడు మిగల్లే మామా" అంది నీల.

మొండయ్య వాగు ఒడ్డున కూలబడ్డాడు. అన్నం తినండని ఎవరో పిలిచారు. ఆకలి లేదన్నాడు. మొండయ్యకు ఆకలి లేకపోవడం కంకులపల్లె అప్పుడే చూసింది.

మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి గొణుగుతూ ఉంటారు, కాకికి గుడ్డంటే ఇష్టం కాబట్టి ఎత్తుకుపోయింది, అందులో ఓదవ్వ ఇష్టమెక్కడుంది అని. ఆ రోజు పటేలు కూడా అదే అన్నాడు, మీసం దువ్వుకుని.

"నిజమే పటేల్ మామా" అంది నీల. "కాకికి ఏమిష్టమో మనకందరికి ఎరుకే. కోడికి ఏమిష్టమో ఎరుకే. పుంజుకు ఏమిష్టమో ఎరుకే. మరి మా అత్తకు ఏమిష్టమో మీలో ఒక్కలు చెప్పుండ్రి. గప్పుడు ఆ గుడ్డు కాకిదే అని నేను గూడ ఒప్పుకుంట."

పటేలు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

అందుకే ఆ వాగు పక్క ఊళ్ళల్లో ఇప్పటికీ కోళ్ళకు మూడు పెంకులు పెడతారు. మొదటి పెంకులో గింజ. రెండో పెంకులో పురుగు. మూడో పెంకులో గుల్ల. వాటిని ఓదవ్వ పెంకులు అంటారు. కొత్త కోడలు గడప దాటగానే "ఏం తింటవ్ బిడ్డా?" అని అడిగి, ఆమె పేరు చెప్పేదాకా అత్తామామలు పక్కకు జరిగి నిలబడతారు. పిల్లపెట్ట పెట్టిన తొలిగుడ్డు ఇంట్లో వండి పెట్టే మనిషిదే. దాన్ని ఓదవ్వ గుడ్డు అంటారు. ఎంత పెద్ద చుట్టమొచ్చినా, ఎంత జ్వరమొచ్చినా, ఆ గుడ్డు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఎవరైనా ఎదుటివాళ్ళ కంచంలోకి తల దూర్చి పెత్తనం చేస్తే, చుట్టూ ఉన్నవాళ్ళు మాట అనరు. ఊరికే కొంగు చూపిస్తారు.

కథ అయిపోయింది. మొదట అడిగిన ప్రశ్న మాత్రం మీ దగ్గరే ఉంది.

ఇప్పుడే ఇంటికి పోండి. బర్రె పలుపు తెంచుకోకముందే పోండి. ఆ మనిషి పొయ్యి దగ్గరుంటే పొయ్యి దగ్గరికే పోయి అడగండి. "నాకేదైనా పర్లేదు" అంటుంది. నమ్మకండి. "ఇప్పుడెందుకీ గోల" అంటుంది. కదలకండి. పేరు చెప్పేదాకా పక్కకు జరిగి, నోరు మూసుకుని కూర్చోండి.

చెప్పాక లేవండి. లేచి, అది మీరే వండండి.